ఐదు మాటల తాళం

నమోదు 1. పెద్ద ఎండకు పన్నెండు రోజులు.

మొదటి షిఫ్టు. పెద్ద ఫ్యాను సరిగ్గానే తిరుగుతోంది. మేం కాపురముండే ఈ పాత బొగ్గు బావిలో పై అంతస్తు, అంటే పై మెట్టులో ముప్పై రెండు డిగ్రీలు, రెండో మెట్టులో ముప్పై, మూడో మెట్టులో ఇరవై తొమ్మిది. బావి బయట నలభై తొమ్మిది. పంపు రెండుసార్లు దగ్గి సర్దుకుంది.

ఈ రోజు ఫ్యాను గదికి కొత్త మనిషి వచ్చాడు. పేరు నూకరాజు, నలభై ఏళ్ళుంటాయి, గోదావరి కింది వైపు మాట. బావుల సంఘం పంపిందని కాగితం చూపించాడు. దాన్ని దీపం దగ్గర పెట్టి, తిరగేసి, ముద్ర మీద గోరుతో గీకి చూశాను. ముద్ర రాలలేదు. అదీ నాకు నచ్చలేదు. మా సంఘం ముద్రలు గీకితే రాలుతాయి.

మా బావిలో ఫ్యాన్లు, పంపులు, గాలి తలుపులు అన్నీ ఒక్క యంత్రం చెప్పినట్టు నడుస్తాయి. దాని ఆపరేటింగ్ సిస్టమ్ ముప్పై ఒక్క ఏళ్ళనాటిది. పైన నేల మీద వాతావరణం చూసే స్తంభాలన్నింటినీ ఈ ఏడు మార్చేశారట. అవి చెప్పేది మా పాత సిస్టమ్‌కు అర్థం కావడం లేదు. ఎండ ఎప్పుడు, ఎంత కొట్టబోతోందో యంత్రానికి ముందుగా తెలియకపోతే ఫ్యాన్లు పెంచేసరికే జనం సొమ్మసిల్లుతారు. అందుకని కొత్త సిస్టమ్ ఎక్కించాలి. అది నూకరాజు సంచిలో ఉంది. సంచిలో ఇంకేమున్నాయో అడిగితే రెండు జతల బట్టలు, మామిడి తాండ్ర అన్నాడు. తాండ్ర పెట్టాడు. తినలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. మా డిస్కు తాళం వేసిన డిస్కు. దాంట్లో ఉన్నదంతా ఎవరికీ అర్థం కాకుండా కలిపేసి ఉంటుంది. యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపినప్పుడల్లా ఐదు మాటలు వరసగా టైపు చేస్తేనే విడుతుంది. ఒక్కో మాట ఒక్కో మనిషి దగ్గర ఉంటుంది. ఒకరు కొడుతుంటే మిగతా నలుగురూ గోడవైపు తిరిగి నిలబడాలి. మాట పట్టినవాళ్ళు పోయేలోపు ఒక్కరికి మాత్రమే చెప్పాలి. అంతేకాదు, ఆ మాటను మామూలు మాటల్లో కూడా నోటితో అనకూడదు. నా మాట ఇంట్లో వాడే ఒక వస్తువు పేరు. పదకొండేళ్ళుగా అది కావాలంటే వేలు చూపిస్తున్నాను. ఎవరైనా కనిపెడతారేమోనని ఇంకో నాలుగు వస్తువుల పేర్లు పలకడం కూడా మానేశాను. ఇంట్లో నన్ను మూగదాని కింద జమకట్టారు.

మిగతా నలుగురు: బావి పెద్ద మొండయ్య, దవాఖాన చూసే ఖైరున్నీసా, బడి చెప్పే రవళి, ఓదెలు.

ఓదెలుకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మొట్టమొదట మాటలు పెట్టిన ఐదుగురిలో బతికున్నది ఆయనొక్కడే. ముప్పై ఒక్క ఏళ్ళ కింద మూడో మెట్టుకు గాలిదారి తెరవడానికి ఇద్దరు లోపలికి పోయారు. ఓదెలు బయటికొచ్చాడు. రానివాడు మా నాన్న. నాకప్పుడు పన్నెండేళ్ళు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఓదెలు నోట మా నాన్న పేరు ఒక్కసారి కూడా రాలేదు. మా అమ్మ అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. ఏమీ చేయనివాడు పేరెత్తడానికి ఎందుకు భయపడతాడని అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. నేను ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవను.

ఈ పుస్తకాన్ని పెద్ద ఎండ మొదలయ్యే రోజున హాజరు వేసే మస్టర్ గదిలో అందరి ముందూ చదవాలి. బావి గాలి చూసుకునే గాలి సర్దార్ సారక్కగా అది నా పని. కాబట్టి ఉన్నదే రాస్తాను.

నమోదు 2. పదకొండు రోజులు.

మొదలుపెట్టేముందు డిస్కుకు నకలు తీయాలంటాడు నూకరాజు. రేపు ఏదైనా తేడా వస్తే నకలు నుంచి తిరిగి పెట్టుకోవచ్చట.

"నకలు లేకుండా ముట్టుకోవడం మంచిది కాదండి, అక్కగారూ," అన్నాడు.

ఇతనికి నేను అక్కను ఎప్పుడయ్యానో తెలియదు. మా బావి గాలిదారులన్నీ, తలుపులన్నీ ఆ డిస్కులో ఉన్నాయి. నకలు సంచిలో వేసుకుని వెళ్ళిపోతే ఎవరికిస్తాడో ఎవరు చూడొచ్చారు? ఒప్పుకోలేదు. మొండయ్య నన్ను పక్కకు పిలిచి, ఆయన సంఘం మనిషి, కొంచెం మెత్తగా మాట్లాడమన్నాడు. గాలి నా పూచీ అన్నాను. మొండయ్య తల గోక్కుని సరేనన్నాడు. నకలు తీయలేదు.

నమోదు 3. పది రోజులు.

ఈ నమోదు చదివే రోజుకు నూకరాజు గుట్టు బయటపడి ఉంటుంది. నేను చేసింది అందరికీ అప్పుడు అర్థమవుతుంది.

మాటలు కొట్టడానికి ప్రత్యేకంగా ఒక కీబోర్డు ఉంది. రోజూ పనికి మీటలు, నొక్కే గుండ్రటి బొత్తాలే సరిపోతాయి. ఆ కీబోర్డు మాత్రం గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో ఉంటుంది. యంత్రాన్ని తిరిగి లేపేటప్పుడే తీస్తారు. పెట్టె తాళంచెవి నా దగ్గరున్నా, ఐదుగురూ ఉంటేనే తెరవాలి. పదకొండేళ్ళుగా ఎవరూ తెరవలేదు. నూకరాజు ముందే ఒకసారి చూసుకోవాలంటే మొండయ్య సరేనని అందరినీ పిలిచి పెట్టె తెరిపించాడు. తర్వాత ఎవరి పనికి వాళ్ళు పోయారు. మొండయ్య దగ్గరే కూర్చుని చూస్తానన్నాడు. నేను పంపు దగ్గర నుంచి తిరిగొచ్చేసరికి బల్ల మీద తల పెట్టి గురక పెడుతున్నాడు. గంటసేపు ఆ కీబోర్డు నూకరాజు చేతిలో ఒంటరిగా ఉంది.

దుమ్ము దులిపానన్నాడు. "అక్కగారూ, 'మ' కీ పని చెయ్యట్లేదండి. విప్పి బాగు చెయ్యమంటారా?" అని అడిగాడు.

విప్పడానికి సాకు దొరికిందన్నమాట. లేదా ఇప్పటికే విప్పేశాడు, అడిగింది కప్పిపుచ్చుకోవడానికి. ఏ కీ నొక్కారో రాసిపెట్టుకునే గింజంత బిళ్ళను లోపల పెట్టొచ్చని నేను చిన్నప్పుడే విన్నాను. అలా పెడితే మా ఐదు మాటలూ అతని జేబులో పడ్డట్టే. ఏమీ ముట్టుకోవద్దని చెప్పి పెట్టెకు తాళం వేయించాను.

ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు తాళం తీశాను. పాత సామాన్ల గదిలో సీలు తీయని కీబోర్డులు రెండున్నాయి. అదే నలుపు, అదే సైజు, అక్షరాలు అవే వరస. ఒకటి తెచ్చి అదే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. పాతది మా ఇంట్లో నా ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద ఉంది. ఒంటరిగా పెట్టె తెరవడం తప్పే. ఎవరికీ చెప్పలేదు. ఇంతమందిలో ఒక్కరికైనా బుర్ర పనిచేయాలి కదా.

నమోదు 4. ఎనిమిది రోజులు.

నూకరాజు కొత్త సిస్టమ్ ఎక్కించాడు. మూడు గంటలు పట్టింది. తెర మీద గీత పాకుతున్నంతసేపూ నేను అతని చేతులే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో అతను చెవి గోక్కున్నా లేచి నిలబడ్డాను.

గీత నిండింది. యంత్రం తనంతట తాను ఆగి, మళ్ళీ లేచి, మాటలు అడిగింది. కట్టుబాటు ప్రకారం నూకరాజును బయటికి పంపి తలుపు వేశాం. ఒకరి తర్వాత ఒకరం కొట్టాం. ఓదెలు చివర. ఆయన కళ్ళకు పొర కమ్మింది, వేళ్ళతో తడుముకుంటూ కొడతాడు. మధ్యలో ఒకసారి ఆగిపోయాడు. గోడవైపు తిరిగి ఉన్నా నాకు వినిపించింది.

తెర ఎర్రబడింది. తప్పు అంది. ఎవరి మాట తప్పో అది చెప్పదు. ఐదూ కలిస్తేనే దానికి ఒక మాట. రెండు గంటలు ఆగి మళ్ళీ ప్రయత్నించమంది. కింద ఇంకో వరస కూడా ఉంది. ఐదుసార్లు తప్పయితే డిస్కు తనను తాను చెరిపేసుకుంటుంది.

తాళం విడేదాకా ఫ్యాన్లు సగం వేగంతోనే తిరుగుతాయి. ఇప్పటి ఎండకు సగం చాలు. పెద్ద ఎండకు మూడో మెట్టుకు గాలి అందదు. అక్కడ నూట నలభై మంది ఉన్నారు. అందులో పదహారు మంది చంటిపిల్లలు.

రెండు గంటల తర్వాత మళ్ళీ కొట్టాం. మళ్ళీ ఎరుపే. ఈసారి ఒక రోజు ఆగమంది.

నమోదు 5. ఏడు రోజులు.

నూకరాజును నిలబెట్టి అడిగాను. ఎక్కించకముందు బాగానే ఉంది, ఎక్కించాక తెరుచుకోవడం లేదు, ఏం చేశావని.

అతను నెమ్మదిగానే చెప్పాడు. ఇంటికి సున్నం వేస్తే తాళం మారదట. కొత్త సిస్టమ్ డిస్కు తాళం జోలికే పోదట. నకలు తీసి ఉంటే ఇంత భయం ఉండేది కాదని మాత్రం అనలేదు. అనకపోయినా అతని మొహంలో కనిపించింది. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత తలుపు దగ్గర ఆగి, ఆ కీబోర్డులో 'మ' చచ్చిపోయి ఉంది కదా, మాటలు పెట్టిననాడు అది బాగానే ఉండి మధ్యలో పోయిందేమో, నా దగ్గర మంచి కీబోర్డు ఉంది, దాంతో కొట్టి చూడండని అన్నాడు. అదిగో, మళ్ళీ కీబోర్డు దగ్గరికే వచ్చాడు. తన కీబోర్డు మీద మా మాటలు కొట్టించుకోవాలని ఇతనికి ఎంత తహతహ!

నమోదు 6. ఆరు రోజులు.

నేను వద్దన్నాను. మిగతా నలుగురూ చేసి చూద్దామన్నారు. ఓదెలు కూడా సరేనన్నాడు. నలుగురి ముందు నా ఒక్కదాని మాట చెల్లలేదు. నూకరాజు కీబోర్డుతో కొట్టాం. అది కూడా తప్పే అంది.

నిజం చెప్పాలంటే ఆ ఎరుపు చూసి నాకు కొంచెం ఊరట కలిగింది. నేను కీబోర్డు మార్చినందువల్ల కాదన్నమాట. రెండు మంచి కీబోర్డులు ఒకే జవాబు చెప్పాయి. నూకరాజు కూడా బయట నిలబడి అదే తేల్చాడు. "కీబోర్డు తప్పు కాదండి. ఎవరికో మాట గుర్తు తప్పిందండి."

ఇంకా రెండు ప్రయత్నాలున్నాయి.

నమోదు 7. ఐదు రోజులు.

ఒక్కొక్కరినీ తలుచుకుంటూ కూర్చున్నాను. రవళి తన మాట వాళ్ళ అత్త దగ్గర తీసుకుంది. చురుకైన పిల్ల, పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించే పిల్ల, మరిచిపోదు. ఖైరున్నీసా మందుల పేర్లన్నీ నోటికి చెబుతుంది. మొండయ్య నిద్రపోతు, సోమరి కూడా, అయినా పోయినసారి కొట్టాడు, తెరుచుకుంది. నా మాట నాకు తెలుసు. మిగిలింది ఒక్కడు.

పోయినవారం తన చెప్పులు కాళ్ళకే వేసుకుని వాటికోసం వెతికిన మనిషి. కొట్టేటప్పుడు మధ్యలో ఆగిన మనిషి. ఓదెలు మరిచిపోయాడు. నాకందులో అనుమానం లేదు. ఈ మాట రాసి కింద గీత గీస్తున్నాను.

మొండయ్యతో చెప్పాను. ఆయన మిగతావాళ్ళను పిలిచాడు. మూడో మెట్టు ఖాళీ చేయిస్తే పై మెట్టులో ముప్పై ఎనిమిది దాటుతుందని, ముసలివాళ్ళు, చంటివాళ్ళు తట్టుకోలేరని ఖైరున్నీసా అన్నది. చివరికి ఓదెలును అడుగుదామని తేల్చారు.

నమోదు 8. నాలుగు రోజులు.

ఐదుగురం ఫ్యాను గదిలో. నూకరాజు బయట. ఓదెలును స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఓదెలన్నా, నీ మాట పైకి చెప్పు. సారక్క కొడ్తది. మేం ఇని మర్సిపోతం," అన్నాడు మొండయ్య.

పైకి చెప్పినవాడు ఇక మాట పట్టినవాడు కాడు. మళ్ళీ ఈ గదిలో అడుగు పెట్టకూడదు. అది ఆయనకూ తెలుసు. మాట పట్టినవాళ్ళకు గుర్తుగా మెడలో ఉండే ఇత్తడి బిళ్ళను వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. పొర కమ్మిన కళ్ళు నన్ను చూశాయో లేదో తెలియదు.

"కొమురెల్లి," అన్నాడు.

అది మా నాన్న పేరు.

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. నా మాట కొట్టాను. మిగతావాళ్ళు వాళ్ళ మాటలు కొట్టారు, చివర నేను ఆ పేరు కొట్టాను. తెర ఎర్రబడింది. నాలుగో తప్పు. రెండు రోజులు ఆగమంది. ఇంకొక్కటే మిగిలింది.

నాకు వచ్చిన కోపం ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దొరికిపోయిన మనిషి, నా నోరు మూయించడానికి మా నాన్న పేరును అడ్డం పెట్టుకున్నాడనిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళు పలకని పేరును ఇవాళ అబద్ధానికి వాడుకున్నాడనిపించింది.

"మా నాయిన పేరు ఎనుక దాక్కుంటానవా?" అన్నాను. అందరి ముందే అన్నాను.

"అన్ని మరుస్త బిడ్డా. ఆ పేరు మరుస్తనా?" అన్నాడు.

ఇత్తడి బిళ్ళ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుంటూ బయటికి పోయాడు. రవళి ఏడ్చింది. నేను ఏడవలేదు.

నమోదు 9. రెండు రోజులు.

మూడో మెట్టు ఖాళీ చేస్తున్నారు. చాపలు, గిన్నెలు, ఉయ్యాల గుడ్డలు పైకి మోస్తున్నారు. పై మెట్టులో ఇప్పటికే ముప్పై ఆరు డిగ్రీలు. ఒక చంటిదానికి వడదెబ్బ తగిలింది. ఖైరున్నీసా తడిగుడ్డలు మారుస్తూ నా మొహం చూడలేదు.

ఓదెలు ఇల్లు మూడో మెట్టులోనే. పైకి రానంటున్నాడట. అన్నం ముట్టలేదట. మొండయ్య నన్నే పొమ్మన్నాడు. నువ్వు అన్న మాటకు నువ్వే పోయి తీసుకురా అన్నాడు. పోయాను. వెళ్ళేదారిలో కూడా, ముసలాయన దొంగవేషం వేస్తున్నాడేమో అనుకుంటూనే పోయాను. నా బుద్ధి అంతే.

గాలిదారి తెరిచిన చోట, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. మా నాన్న పోయింది అక్కడే. గాలి బరువుగా ఉంది, మాట్లాడితే ఆయాసం వస్తోంది. పైకి నడవమన్నాను. వినలేదు. తన వేళ్ళు చూసుకుంటున్నాడు.

"నా నెత్తి మర్సిపోతదేమో. ఏలు మర్సిపోదు," అన్నాడు. "ఆ పేరు కొడ్తాంటే నడుమ ఒక కీ మెత్తగ దిగుతుండె. సప్పుడు రాకపోతుండె. మొదటిసారి గట్లనే, పోయినసారి గట్లనే. మొన్న అన్ని టక్కుటక్కుమన్నయ్. గందుకే ఆగిన. ఎవలు అడగలే, నేను చెప్పలే."

ఆ మెత్తగా దిగే కీ ఏదో నాకు తెలుసు.

"'మ' కీ పని చెయ్యట్లేదండి." నూకరాజు చెప్పాడు. నేను విన్నాను. విని, దాన్ని సాకు అనుకున్నాను. మా నాన్న పేరులో రెండో అక్షరం అదే.

ఓదెలును అక్కడే వదిలి పైకి పరుగెత్తాను. మెట్లు ఎక్కుతుంటే ఊపిరి అందలేదు. నూకరాజు తన సంచి సర్దుకుంటున్నాడు. మాటలు పెట్టిన రోజుకే ఆ కీ చచ్చిపోయి ఉంటే ఏమవుతుందని అడిగాను. అతను తాండ్ర పొట్లం సంచిలో పెట్టబోయి ఆగాడు.

"అయితే డిస్కుకి తెలిసిన మాటలో ఆ అక్షరమే ఉండదండి. ఆ చచ్చిన కీబోర్డుతో కొడితేనే సరిపోద్ది. మంచిదానితో కొడితే ఒక అక్షరం ఎక్కువ పడిపోద్ది, తప్పు అంటుంది. కానీ అక్కగారూ, మీరు మొదట కొట్టింది ఆ పాతదానితోనే కదండి?"

కాదన్నాను. నేను చేసింది చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను, అతని మొహం మీదే. నా బుర్ర పనిచేస్తుందని నేను రాసుకున్న మాట నాకు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. నూకరాజు కోప్పడితే బాగుండేది. "కీబోర్డు పారెయ్యలేదు కదండి?" అని మాత్రం అడిగాడు.

నమోదు 10. అదే రోజు, రెండో షిఫ్టు.

ట్రంకు పెట్టెలోంచి తీసిన కీబోర్డును చీరకొంగులో పట్టుకుని ఫ్యాను గదికి వచ్చాను. మొండయ్య, ఖైరున్నీసా, రవళి నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు కూడా చెప్పాను. పెట్టె ఒంటరిగా తెరిచింది నేను. కీబోర్డు మార్చింది నేను. నకలు తీయనివ్వనిది నేను. ఓదెలు మాట మరిచిపోయాడని తేల్చింది నేను. మొండయ్య చెయ్యి చాచాడు. పెట్టె తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

ఆ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి నువ్వే కొట్టు అన్నారు. నేను కొట్టనన్నాను. మిగిలింది ఒక్క ప్రయత్నం. ఆ కీ ఎంత మెత్తగా దిగాలో తెలిసిన వేలు ఒక్కటే ఉంది.

మళ్ళీ కిందికి దిగాను. ఓదెలు అక్కడే ఉన్నాడు. నేను చేసిందంతా చెప్పి, "కాకా, తప్పయింది. రా," అన్నాను. ఆయన్ని నేను కాకా అనడం పుట్టాక అదే మొదటిసారి. నోటికి కొత్తగా ఉంది.

ఆయన కాసేపు గోడనే తడిమాడు. "బిళ్ళ తీసేసినోడు ఆ గదిల అడుగు పెట్టొద్దు గద?" అన్నాడు.

బల్ల మీది బిళ్ళను వచ్చేటప్పుడే కొంగులో ముడేసుకున్నాను. తీసి ఆయన మెడలో వేశాను. నాకు ఆ హక్కు లేదు. అయినా వేశాను. ఆయన నా భుజం పట్టుకుని లేచాడు. రెండు మెట్ల దారి ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. గుమ్మం దగ్గర ఆయన ఆగాడు. మొండయ్య బిళ్ళను చూశాడు, నన్ను చూశాడు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

రెండు రోజుల గడువు అయిపోగానే తెర మాటలు అడిగింది. ఒకరి తర్వాత ఒకరం కొట్టాం. ఓదెలు చివర. నేను గోడవైపు తిరిగి విన్నాను. టక్కుమన్నాయి, మధ్యలో ఒకచోట చప్పుడు లేదు, మళ్ళీ టక్కుమన్నాయి. మా నాన్న పేరు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ డిస్కులో ఒక అక్షరం తక్కువతో మా గాలికి తాళం వేసి ఉంది.

తెర ఆకుపచ్చగా మారింది. ముందు కింద నేల అదిరింది, తర్వాత పెద్ద ఫ్యాను మోత పెరిగింది. గాలి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్న చప్పుడు మూడో మెట్టుదాకా పోయింది. పైన చంటివాళ్ళ తల్లులు ఏదో అరిచారు. నేను గోడవైపే ఉండి ఏడ్చాను.

నమోదు 11. పెద్ద ఎండ.

బయట యాభై ఏడు. పై మెట్టులో ముప్పై మూడు, రెండో మెట్టులో ముప్పై ఒకటి, మూడో మెట్టులో ముప్పై. మూడో మెట్టువాళ్ళు సామాన్లతో దిగిపోయారు. వడదెబ్బ తగిలిన చంటిది పాలు తాగుతోంది. ఎండ బాగా ముదిరే గంటను యంత్రం మూడు గంటల ముందే చెప్పింది. కొత్త సిస్టమ్ మంచిదే.

నూకరాజు నకలు తీసి, దాన్ని సంచిలో కాకుండా మొండయ్య చేతిలో పెట్టాడు. 'మ' కీ బాగు చేశాడు. ఈసారి నేను చూస్తూ కూర్చోలేదు. అంటే, ఒకసారి తలుపు సందులోంచి చూశాను. ఒక్కసారే. సెలవు తీసుకునేటప్పుడు తాండ్ర పెట్టాడు. తిన్నాను. బాగుంది.

మధ్యాహ్నం మస్టర్ గదిలో పుస్తకం చదివాను. మూడో నమోదు చదివేటప్పుడు రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఏడో నమోదులో గీత గీసిన వాక్యం దగ్గర ఆగితే, వెనకనుంచి ఎవరో "చదువు" అన్నారు. చదివాను. ఎవరూ తిట్టలేదు. తిట్టకుండా పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు, అది ఇంకా కష్టంగా ఉంది. వచ్చే నెల నుంచి గాలి సర్దార్ పని రవళిది.

చదవడం అయ్యాక మాటలు కొత్తగా పెట్టుకున్నాం. అందరూ పెట్టుకోవాలని నూకరాజు వెళ్ళేముందే చెప్పాడు. మా కాక ఓదెలు పాత మాటే పెడతాడేమో అనుకున్నాను. అందుకే గోడవైపు తిరిగి చెవి పెట్టి విన్నాను, ఎన్నిసార్లు టక్కుమంటుందో లెక్కపెడుతూ. బుద్ధి ఒక్కరోజులో పోదు. లెక్క కలవలేదు. ఆయన మాట మార్చేశాడు.

అందరూ పోయాక ఆయన పోలేదు. స్టూలు మీద కూర్చుని, ఫ్యాను మోత వింటూ, చేత్తో నన్ను పక్కకు పిలిచాడు. ఇంతకాలం అమ్మ అడిగినప్పుడల్లా ఎందుకు లేచి వెళ్ళిపోయాడో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ రోజు సంగతి మొదలుపెడితే ఆ పేరు నోటికి రాకుండా ఆపుకోవడం ఆయన వల్ల కాదు. ఆ పేరు పలికితే బావి తాళం పోతుంది. స్నేహితుడి గుర్తుకని పెట్టుకున్న మాటే ఆయన నోటికి తాళమైపోయింది. ఈ ముక్క చెప్పడానికి మా అమ్మ ఇక లేదు.

"ఇగ ఆ పేరు తాళం కాదు," అన్నాడు. "ఎవలకైన చెప్పొచ్చు. కూసో బిడ్డా."

కూర్చున్నాను.

"మీ నాయిన కొమురెల్లికి నీకంటె ఎక్కువ అనుమానం. ఆ దినం గాలి మీద అనుమానమొచ్చి, నన్ను ఎనుకకు నెట్టి, తనొక్కడే ముందుకు పోయిండు."

ఇంకా చెబుతున్నాడు. పెన్ను పక్కన పెడుతున్నాను.